బంజరు అనే మాట చాటున: విద్యుత్ సంస్థలు, గడ్డిభూములు, జీవవైవిధ్యం

నంద్యాల జిల్లా మిడుతూరు మండలంలోని రోళ్లపాడు అభయారణ్యం విస్తీర్ణం 614 హెక్టార్లు. బట్టమేక పిట్టను కాపాడే ఉద్దేశంతో 1988లో దీనిని ప్రకటించారు. ఒకప్పటి ఇదే కర్నూలు జిల్లాలో గని, శకునాల గ్రామాల పరిధిలో 2017లో పూర్తయిన వెయ్యి మెగావాట్ల సౌర విద్యుత్ పార్కు దాదాపు 5,900 ఎకరాలలో విస్తరించి ఉంది. అంటే అభయారణ్యానికి ఇంచుమించు నాలుగింతలు. మొదటి చోట నేడు బట్టమేక కనిపించడం గగనమైపోయింది. రెండవ చోట లక్షల సంఖ్యలో సౌర ఫలకాలు నిలిచి ఉన్నాయి.

ఈ రెండింటికీ నేరుగా కార్యకారణ సంబంధం అంటగట్టడం న్యాయం కాదు. పార్కు రాకముందే బట్టమేక తగ్గిపోయింది. మెట్ట పంటలైన జొన్న, కొర్ర స్థానంలో నీటి ఆధారిత పంటలు రావడం, గడ్డినేలలు దున్నకంలోకి మారడం, వీధికుక్కలు, అడపాదడపా వేట, అన్నీ కలిసి ఆ పని చేశాయి. ఏడాదికి సాధారణంగా ఒకే గుడ్డు, అదీ నేలమీదనే పెట్టే పక్షికి ఇంతకంటే పెద్ద శత్రువులు అక్కరలేదు. అయితే ఈ ఉదాహరణ మరొక విషయాన్ని స్పష్టం చేస్తున్నది. ఒక ప్రాంతంలో ప్రకృతికి కేటాయించిన నేల ఎంత, విద్యుత్తుకు కేటాయించిన నేల ఎంత అని చూసినప్పుడు, రెండవదాని యాజమాన్యం ఎలా ఉంటుందన్నది ఇక ఆ సంస్థ అంతర్గత వ్యవహారంగా మిగలదు. రోళ్లపాడు హద్దుల లోపల ఎంత శ్రద్ధ పెట్టినా, దాని వెలుపల వేలాది ఎకరాలలో తీసుకునే నిర్ణయాలే ఆ ప్రాంతపు కృష్ణజింకకు, తోడేలుకు, చలికాలంలో వచ్చే గడ్డిగద్దలకు బతుకును నిర్ణయిస్తాయి.

విద్యుత్ సంస్థలు జీవవైవిధ్యాన్ని ఎలా కాపాడాలి అన్న చర్చ సాధారణంగా కంచె లోపలి పనులతో మొదలవుతుంది: మొక్కలు నాటడం, పక్షులకు నీటి తొట్లు పెట్టడం, జూన్ 5న కార్యక్రమం నిర్వహించడం. ఇది తలకిందుల క్రమం. అంతర్జాతీయంగా అంగీకరించిన వరుసలో మొదటిది నష్టాన్ని తప్పించడం, రెండవది తగ్గించడం, మూడవది చెడినదాన్ని పునరుద్ధరించడం, చిట్టచివరిది వేరొకచోట పరిహారం చెల్లించడం. ఆచరణలో చివరి మెట్టే మొదటిదవుతున్నది. సంస్థ ఆ నేలమీద అడుగుపెట్టే నాటికే, అంటే స్థలం ఎంపికయ్యే నాటికే, జీవవైవిధ్యానికి సంబంధించి సగానికి పైగా నిర్ణయం అయిపోతుంది.

ఆ నిర్ణయాన్ని నడిపించేది ఒక మాట: బంజరు. శిస్తు రాని నేలను పనికిరాని నేలగా రాసుకున్న పాత రెవెన్యూ అలవాటు ఇంకా పోలేదు. హైదరాబాదులోని జాతీయ దూర సంవేదన కేంద్రం సహకారంతో కేంద్ర భూ వనరుల శాఖ ప్రచురించే బంజరు భూముల అట్లాసులో పొదలతో కూడిన భూమి ఒక తరగతి. రాయలసీమలో ఆ తరగతి కిందికి వచ్చే నేలలో గణనీయమైన భాగం నిజానికి పొదలతో కలిసిన గడ్డిభూమి. అక్కడ పెరిగేవి బోధగడ్డి, నెంద్రగడ్డి, అంజన్ గడ్డి వంటివి. మధ్యమధ్య రేగు, చండ్ర, తెల్లతుమ్మ. వానలు రెండు నెలలు ఆలస్యమైతే ఆ నేల ఎండి గోధుమరంగుకు తిరుగుతుంది. ఉపగ్రహ చిత్రంలో అది ఖాళీగా కనిపించవచ్చు. మందను తోలుకొచ్చే గొర్రెల కాపరికి మాత్రం అది ఎన్నడూ ఖాళీ కాదు.

కోస్తాలో ఇదే మాట మరో రూపంలో పనిచేసింది. శ్రీకాకుళం జిల్లా సోంపేటలో బొగ్గు ఆధారిత విద్యుత్ కేంద్రం కోసం ప్రతిపాదించిన బీల ప్రాంతాన్ని పనికిరాని చిత్తడిగా చూపారు. స్థానికులకు అది సాగునీరు, చేపలు, పశువుల మేత ఇచ్చే నేల. 2010 జూలైలో ఆందోళన కాల్పుల దాకా వెళ్లి ప్రాణాలు పోయిన తరువాత గాని ఆ ప్రాజెక్టు పర్యావరణ అనుమతి రద్దు కాలేదు. ప్రజల ఆగ్రహం తరువాత నేల విలువను గుర్తించడం కంటే, ఒక్క సంవత్సరం ముందుగా వృక్ష, జంతు సర్వే చేయించడం ఏ సంస్థకైనా చౌక.

అనంతపురం ప్రాంతంలోని కల్పవల్లి అనుభవం మరింత బోధప్రదం. 1990ల నుంచి టింబక్టు కలెక్టివ్ తోడ్పాటుతో అనేక గ్రామాల ప్రజలు నిప్పుల నుంచి, అతిమేత నుంచి కాపాడి వేలాది ఎకరాల గుట్టలను మళ్లీ పచ్చగా చేసుకున్నారు. అక్కడ చెట్ల కంటే ముందు తిరిగి వచ్చినది గడ్డి; గడ్డితోపాటు చెరువులోకి నీరు. రికార్డులలో ఆ నేల మాత్రం బంజరుగానే మిగిలింది. గాలిమరలు వచ్చినప్పుడు వాటి పునాదులకు పట్టిన స్థలం తక్కువే. కాని భారీ రెక్కలను పైకి చేర్చడానికి గుట్టల వాలులలో తొలిచిన వెడల్పాటి బాటలు నేలకోతకు దారితీశాయి. వ్యవహారం జాతీయ హరిత ధర్మాసనం దాకా వెళ్లింది. గాలిమర స్వచ్ఛమైన విద్యుత్తునే ఇస్తుంది; దానికి వేసిన బాట మాత్రం వాగులోకి మట్టిని పంపుతుంది. నేల శాస్త్రం చదివిన విద్యార్థికి ఈ రెండూ ఒకే ఖాతాలో రాయవలసిన విషయాలని చెప్పనక్కరలేదు.

2006 నాటి పర్యావరణ ప్రభావ మదింపు ప్రకటన పరిధిలోకి సౌర ఫలకాల విద్యుత్ కేంద్రాలు, గాలిమరలు రావు. పునరుత్పాదక ఇంధనాన్ని ప్రోత్సహించే కాలంలో దీనికి ఒక తర్కం ఉండవచ్చు. 2030 నాటికి శిలాజేతర వనరుల నుంచి 500 గిగావాట్ల సామర్థ్యం అన్న జాతీయ లక్ష్యం అవసరమైనదే. వాతావరణ మార్పు వల్ల అందరికంటే ముందు దెబ్బతినేది మెట్ట రైతే. కాని చట్టం అడగలేదన్న కారణంతో వేలాది ఎకరాలలో ఏయే మొక్కలు, ఏయే జీవులు ఉన్నాయో తెలుసుకోకుండానే చదును చేయడాన్ని ఆ లక్ష్యం సమర్థించదు. చట్టం అడగనిచోట సంస్థ తనంతట తాను సర్వే చేయిస్తేనే దాని జీవవైవిధ్య విధానానికి అర్థం ఉంటుంది. చట్టం అడిగినప్పుడు చేసేది విధేయత మాత్రమే.

స్థలం తరువాత తీగలు. బట్టమేక మగపక్షి బరువు 15 కిలోల దాకా ఉంటుంది. ఎగిరేటప్పుడు తల వంచి కింది నేలను పరికించే అలవాటు గల ఈ జాతికి ముందువైపు చూపు చాలా ఇరుకు. తీగ దగ్గరపడిన తరువాత కనబడినా, అంత బరువైన శరీరం చటుక్కున పక్కకు తిరగలేదు. రాజస్థాన్ థార్ ప్రాంతంలో 4,200 చదరపు కిలోమీటర్ల మేర జరిపిన అధ్యయనం ఆధారంగా, ఏటా సుమారు 84,000 పక్షులు విద్యుత్ తీగల వల్ల చనిపోతున్నట్లు భారత వన్యప్రాణి సంస్థ అంచనా వేసింది. దేశం మొత్తం మీద బట్టమేకలు 150కి లోపే మిగిలాయన్న లెక్కల పక్కన పెట్టి చూస్తే, ఏ ఒక్క తీగ మరణమూ చిన్నది కాదు.

ఈ విషయంలో సుప్రీంకోర్టు 2021 ఏప్రిల్ 19న రాజస్థాన్, గుజరాత్‌లలోని బట్టమేక ఆవాసాలలో తీగలను భూగర్భంలోకి మార్చాలని ఆదేశించింది. 2024 మార్చి 21న అదే న్యాయస్థానం ఆ ఆదేశాన్ని సవరించి, సమతూకం కుదర్చడానికి నిపుణుల కమిటీని నియమించింది. అధిక వోల్టేజి తీగలను వందల కిలోమీటర్లు పాతిపెట్టడం సాంకేతికంగాను, ఆర్థికంగాను కష్టమన్న విద్యుత్ రంగం వాదనను కొట్టిపారేయలేము. అయితే తక్కువ వోల్టేజి తీగల విషయంలో ఆ వాదన అంత బలంగా నిలవదు. పార్కు లోపలి సేకరణ తీగలను చాలాచోట్ల ఇప్పటికే భూమిలో వేస్తున్నారు.

తీగలకు వేలాడదీసే హెచ్చరిక బిళ్లలు అన్ని సమస్యలకూ మందు అన్న ధోరణి ఒకటి కనిపిస్తుంది. దక్షిణాఫ్రికాలోని కరూ మైదానంలో విస్తృతంగా జరిపిన ప్రయోగ ఫలితాలు 2021లో వెలువడ్డాయి. బిళ్లలు వేసిన తీగల కింద పెద్ద పక్షుల మరణాలు మొత్తంమీద సగానికి తగ్గాయి. నీలి కొంగల విషయంలో తగ్గుదల 92 శాతం. బట్టమేక కుటుంబానికి చెందిన పక్షులలో మాత్రం చెప్పుకోదగ్గ మార్పేమీ లేదు. ముందుకు చూడని పక్షికి ముందున్న బిళ్ల ఎలా కనబడుతుంది? కనుక కొల్లేరు, తేలినీలాపురం వంటి నీటిపక్షుల తావుల దగ్గర బిళ్లలు విలువైన సాధనం కావచ్చు. బట్టమేక తిరిగే గడ్డిభూమిలో తీగ దారి మార్చడం లేదా పాతిపెట్టడమే మార్గం. జాతిని బట్టి ఉపాయం మారాలి. ఒకే కొనుగోలు ఉత్తర్వుతో అన్ని జిల్లాలకూ ఒకే బిళ్ల పంపడం పరిరక్షణ అనిపించుకోదు.

గాలిమరల విషయంలోనూ ఇంతే. నార్వేలోని స్మోలా దీవిలో మూడు రెక్కలలో ఒకదానికి నల్లరంగు వేస్తే పక్షి మరణాలు 72 శాతం తగ్గాయని 2020లో వచ్చిన ఫలితాన్ని తరచుగా ఉదహరిస్తుంటారు. అది నాలుగే నాలుగు మరలమీద చేసిన పరిశీలన అన్న సంగతిని మాత్రం చాలామంది చెప్పరు. మన నేలకు దగ్గరి సాక్ష్యం మహారాష్ట్ర చాల్కేవాడి పీఠభూమి నుంచి ఉంది. 2018లో ప్రచురితమైన ఆ అధ్యయనం ప్రకారం మరలు ఉన్న చోట వేటపక్షులు మరలు లేని చోటికంటే దాదాపు నాలుగో వంతే. వాటికి ఆహారమయ్యే తొండలు అక్కడ పెరిగాయి. వాటి భయం, శరీర స్థితి, నడవడి కూడా మారాయి. ప్రభావం చనిపోయిన పక్షుల లెక్కతో ఆగదని, ఆహారపు గొలుసు కిందిమెట్ల దాకా పాకుతుందని ఇది చూపుతున్నది. రోళ్లపాడు ప్రాంతం ఒకనాడు వందలాది గడ్డిగద్దలు చలికాలపు రాత్రులు గుంపుగా బస చేసే చోటుగా పేరొందింది. వాటి ప్రధానాహారంలో మిడతలు ఒకటి. గద్దలు తగ్గితే మిడతలకు, చుట్టుపక్కల పైరుకు ఏమవుతుందో లెక్క కట్టవలసిన పని కీటక శాస్త్ర విభాగాలది.

ఇక కంచె లోపలి సంగతి. ఇక్కడ సౌర పార్కులకు నిజమైన అవకాశం ఉన్నది. ఫలకాల కింద, వరుసల మధ్య నేలను కలుపుమందులతో బోడిగా ఉంచడం సులువు. ఫలకాలు కడిగిన నీరు, వాననీరు ఆ మందు అవశేషాలతో దిగువ కుంటకు చేరుతాయి. దానికి బదులు స్థానిక గడ్డిని ఉంచి, గొర్రెలను మేపవచ్చు. అమెరికాలో ఇది ఇప్పటికే ఒక వ్యాపారం. నెల్లూరు గొర్రె పొడవాటి జాతి. ఫలకాల కింది అంచు తగినంత ఎత్తులో లేకపోతే తల తగులుతుంది. మేకలైతే ఎక్కుతాయి, తీగలు కొరుకుతాయి. కాబట్టి ఎంత ఎత్తున ఫలకాలు అమర్చాలి, ఎకరాకు ఎన్ని గొర్రెలు, ఏ నెలల్లో వదలాలి, ఏ గడ్డి మేత తరువాత త్వరగా తేరుకుంటుంది అన్నవి పశువైద్య, వ్యవసాయ విశ్వవిద్యాలయాలు కలిసి తేల్చవలసిన ప్రశ్నలు. జోధ్‌పూర్‌లోని కేంద్రీయ శుష్క మండల పరిశోధన సంస్థ 105 కిలోవాట్ల ఫలకాల మధ్య పంటలు పండించి చూపింది. రాయలసీమ ఎర్రనేలలకు అటువంటి ప్రయోగ క్షేత్రాలు విస్తృతంగా కావాలి. అంతకంటే ముఖ్యం, పార్కుకు నేల పోయిన తరువాత మేత కోసం మరింత దూరం నడుస్తున్న కాపరులకు ఆ గేటు తెరుచుకోవడం.

అమెరికాలోని మిన్నెసోటాలో రెండు సౌర క్షేత్రాలలో స్థానిక పూలమొక్కలు, గడ్డి పెంచగా, ఐదేళ్లలో కీటకాల సంఖ్య మూడు రెట్లు, స్థానిక తేనెటీగల సంఖ్య ఇరవై రెట్లు పెరిగినట్లు 2024లో ప్రచురితమైన అధ్యయనం తెలిపింది. ఆ తేనెటీగలు పక్క సోయాచిక్కుడు పొలాలకూ వెళ్లాయి. పొద్దుతిరుగుడు, ఆముదం, కూరగాయలు పండే మన మండలాలకు ఇది ఆశ కలిగించే మాటే. ఒక జాగ్రత్త అవసరం: ఆ క్షేత్రాలు అంతకుముందు సాగుభూములు. దున్ని దున్ని అలసిన నేలమీద పూలమొక్కలు వేస్తే జీవవైవిధ్యం పెరుగుతుంది. శతాబ్దాలుగా నిలిచిన గడ్డిభూమిని చదునుచేసి అదే పూలమొక్కలు వేస్తే, మిగిలేది నష్టమే. రెండు సందర్భాలలోనూ వార్షిక నివేదికలో ముద్రించే ఫొటో మాత్రం ఒకేలా ఉంటుంది.

మరొక చిన్న సంగతి ఉంది. మెరిసే ఫలకం కాంతిని ధ్రువీకరించి పరావర్తనం చేయడం వల్ల నీటి ఉపరితలంగా భ్రమపడి జలకీటకాలు కొన్ని దానిమీద గుడ్లు పెడతాయి. ఫలకం మీద సన్నని తెల్లని గీతలు ఉంటే ఈ ఆకర్షణ తగ్గుతుందని ప్రయోగాలు తెలిపాయి. చెరువు గట్టున, జలాశయంపైన ఫలకాలు వేసేటప్పుడు దీనిని పరిగణించడానికి పెద్ద ఖర్చేమీ కాదు.

మొక్కలు నాటడం గురించి కటువుగా చెప్పక తప్పదు. స్థలంలో మూడో వంతు హరితవలయం ఉండాలన్న షరతును చాలా పరిశ్రమలు త్వరగా పెరిగే ఒకటి రెండు జాతులతో ముగిస్తున్నాయి. కోనోకార్పస్, ఆస్ట్రేలియా తుమ్మ, జామాయిల్ వరుసలు పచ్చగా కనబడతాయి. వాటిలో పిట్టకు పండు లేదు, పశువుకు మేత లేదు. కోనోకార్పస్ నాటడాన్ని తెలంగాణ, గుజరాత్ ఆపివేయించాయి. వేప, కానుగ, మోదుగ, రేగు, చండ్ర, జమ్మి వంటివి నెమ్మదిగా పెరుగుతాయి, తనిఖీ నాటికి ఎత్తు చూపవు. తనిఖీ ప్రమాణమే ఎత్తు అయినప్పుడు సంస్థను మాత్రమే తప్పుపట్టి లాభం లేదు. ఇంతకంటే పెద్ద పొరపాటు గడ్డిభూమిలో దట్టంగా చెట్లు నాటడం. అది బట్టమేకకు, కృష్ణజింకకు ఆవాసాన్ని పెంచదు, పోగొడుతుంది. రాయలసీమలో సర్కారు తుమ్మ పాకిన తీరు చూసినవారికి ఈ మాట కొత్త కాదు.

మంచి ఉదాహరణలు లేకపోలేదు. ఎన్‌టీపీసీ 2018లో ప్రత్యేక జీవవైవిధ్య విధానం ప్రకటించింది. ఆంధ్రప్రదేశ్ తీరంలో ఆలివ్ రిడ్లే తాబేళ్ల పరిరక్షణకు రాష్ట్ర అటవీ శాఖతో ఐదేళ్ల ఒప్పందం చేసుకుని రూ. 4.6 కోట్లు కేటాయించింది. ఇందులో గమనించవలసినది సొమ్ముకంటే కాలవ్యవధి. ఒక్క సంవత్సరపు సామాజిక బాధ్యత నిధితో తాబేలు గుడ్లను కాపాడలేము; అది మళ్లీ మరుసటి చలికాలం వస్తుంది. కోరింగ మడ అడవుల చుట్టూ చమురు, సహజవాయు, ఎరువుల పరిశ్రమలు, ఓడరేవు, మత్స్యకార గ్రామాలు ఒకే నీటిని ఆశ్రయించిన గోదావరి ముఖద్వారంలో ఈగ్రీ ఫౌండేషన్ అనే ఉమ్మడి వేదిక ఏర్పడింది. ఒక సంస్థ తన ప్రహరీ లోపల చేయలేనిది ముఖద్వారం మొత్తానికి కలిసి చేయవచ్చునన్నది దాని వెనుక ఆలోచన. కర్నూలు, నంద్యాల గడ్డిభూములకు అటువంటి వేదిక అవసరం ఇప్పుడు మరింత ఎక్కువ. సౌర పార్కుకు తోడు పాణ్యం మండలం పిన్నాపురం వద్ద 1,680 మెగావాట్ల పంప్డ్ స్టోరేజ్ కేంద్రం, వాటిని కలిపే తీగలు, రాబోయే మరిన్ని ప్రాజెక్టులు అన్నీ ఒకే మైదానం మీద పడుతున్నాయి. ఒక్కొక్కదానిని విడిగా చూస్తే ప్రభావం స్వల్పమనే వస్తుంది. తోడేలు మాత్రం వాటన్నిటినీ దాటుకుంటూ ఒకే రాత్రిలో నడుస్తుంది.

కంచెలు ఇందులో భాగమే. నేల అంచున గజానికొక చిన్న ఖాళీ వదిలితే కుందేలు, ముంగిస, ఉడుము దాటిపోతాయి. భద్రతా సిబ్బందికి అది నచ్చదు. దొంగతనాల భయం నిజమైనదే. గజం పొడవు రాగి తీగ చుట్టను బయటికి చేర్చలేనంత సన్నని ఖాళీ అయినా ఉడుముకు చాలు. పెద్ద పార్కులను ఏకఖండంగా కాక మధ్యలో వాగుల వెంట వెడల్పాటి దారులు వదిలి విభజిస్తే కృష్ణజింక మందలకూ, కాపరులకూ దారి దొరుకుతుంది. ఇవి నిర్మాణానికి ముందు నక్షాలో గీసుకుంటే దాదాపు ఖర్చులేని పనులు. తరువాత చేయబోతే కోట్లు కావాలి.

లెక్క ఎవరు పెట్టాలి అన్నది చివరి ప్రశ్న. సెబీ నిబంధనల మేరకు అగ్రశ్రేణి 1,000 లిస్టెడ్ కంపెనీలు 2022-23 నుంచి వ్యాపార బాధ్యత, సుస్థిరత నివేదికలు ఇస్తున్నాయి. జీవవైవిధ్యానికి సంబంధించిన కీలక సమాచారం అందులో ఐచ్ఛికంగానే ఉంది. సర్వే చేయించేదీ, దాని ఫలితాన్ని బయటపెట్టాలా వద్దా తేల్చేదీ సంస్థే అయినంత కాలం, తీగ కింద చనిపోయిన పక్షి లెక్కలోకి రావడం అదృష్టం మీద ఆధారపడుతుంది. కుక్క, నక్క రాత్రికి రాత్రి కళేబరాన్ని ఎత్తుకుపోతాయి కనుక నెలకొకసారి నడిచి చూసే లెక్క ఎప్పుడూ తక్కువే చూపుతుంది.

2002 నాటి జీవవైవిధ్య చట్టం కింద ప్రతి స్థానిక సంస్థలోనూ జీవవైవిధ్య యాజమాన్య కమిటీ, ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్ ఉండాలి. చాలా పంచాయతీలలో రిజిస్టర్ ఒకసారి రాసి బీరువాలో పెట్టారు. వ్యవసాయ విశ్వవిద్యాలయాలకు, కృషి విజ్ఞాన కేంద్రాలకు పని ఇక్కడే ఉంది. గ్రామీణ కృషి అనుభవ కార్యక్రమం కింద విద్యార్థులు నెలల తరబడి గ్రామాలలోనే ఉంటారు. పార్కు ప్రతిపాదన ఉన్న మండలాలలో ఆ విద్యార్థులు కాపరుల వెంట నడిచి, ఏ గడ్డి ఏ నెలలో ఎక్కడ వస్తుందో, ఏ వాగులో నీరు ఎప్పటిదాకా నిలుస్తుందో, ఏ పిట్ట ఎక్కడ గూడు పెడుతుందో రిజిస్టరులో చేర్చగలరు. తొలకరికి ముందొకసారి, వానల నడుమ ఒకసారి, చలికాలంలో మరొకసారి. ఎండాకాలంలో మాత్రమే చేసిన సర్వేకు గడ్డిభూమి బంజరుగానే కనిపిస్తుంది. ఆ రిజిస్టరు టెండరు ప్రకటనకు ముందే సంస్థ బల్లమీద ఉంటే స్థలం ఎంపికలో ఒక ఎకరమైనా అటో ఇటో జరుగుతుంది. టెండరు తరువాత చేరితే అది అనుబంధాలలో చేరుతుంది.